పోస్టులో వచ్చిన పన్ను

నాంపల్లి,
21-7-1963

చిరంజీవి కామాక్షికి, అక్కయ్య దీవెనలు.

నీ కూతురు క్షేమంగా చేరింది. రైలు రెండు గంటలు ఆలస్యం. అంతసేపూ స్టేషన్లో నిలబడి వచ్చిన మీ బావగారు, ఆ రైలును నేనే ఎక్కడో ఆపినట్టు నా మీద విసుక్కున్నారు. మర్నాడే కోఠీలో ఆడపిల్లల కాలేజీకి తీసుకెళ్ళి పి.యు.సి.లో చేర్పించాం. లెక్కల్లో నీ పిల్లకి వచ్చిన మార్కులు చూసి అక్కడి గుమాస్తా కళ్ళజోడు సవరించుకున్నాడు. పదహారేళ్ళకే నా అంత ఎత్తు ఎదిగింది. నాకు ఆడపిల్లలు లేని లోటు తీరిందని నిన్ననే ఆయనతో అన్నాను.

మా ఇల్లు నీకు తెలియదు కదా. స్టేషను వెనక సందులో మేడ మీద మేం, కింద ఇంటివాళ్ళు. ఇంటావిడ అహల్యమ్మగారు పాతకాలపు హైదరాబాదు మనిషి. మేం తెనాలి వదిలి ఈ ఊరొచ్చిన ఈ ఏడేళ్ళలో, నోట్లో పాన్ లేకుండా ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. శశిని చూసి "పిల్ల సక్కగున్నది గని మాట్లాడదేందమ్మా, గట్ల దించిన తల దించినట్టే ఉన్నది" అన్నారు. అది ఎందుకు మాట్లాడదో నాకు మూడో రోజు తెలిసింది.

కామాక్షీ, కోపం తెచ్చుకోకు. దాని పళ్ళేమిటే అలా ఉన్నాయి? ముందరి పళ్ళ మీద కాఫీ ఒలికినట్టు గోధుమరంగు చారలు, మధ్య మధ్య సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు. మన అమ్మ మనల్ని నూతి దగ్గర నిలబెట్టి, పళ్ళు చూపించందే చద్దన్నం పెట్టేది కాదు. ఆ అమ్మ కూతురివి, ఒక్కగానొక్క ఆడపిల్లకి పళ్ళు తోముకోవడం నేర్పలేదంటే నేనేమనుకోను?

సరే, అయిందేదో అయింది. నేను మొదలుపెట్టాను. ఇటుక మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, ఉప్పు కలిపి డబ్బాలో పోసి పెట్టాను. పొద్దున్నే దానితో తోమించి, నాకు చూపించాకే కాఫీ ఇస్తున్నాను. నెలలో ముత్యాలు చేస్తాను చూడు. చంటిదాన్ని ముద్దుపెట్టుకున్నానని చెప్పు. నాలుగు నెలల పిల్లతో బాలింతవి, జాగ్రత్త.

మీ అక్కయ్య
కోటేశ్వరమ్మ


వేములదిన్నె,
పొదిలి మీదుగా,
2-8-1963

అక్కయ్యకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా బాధేసింది.

శశికి మూడో ఏడు నిండకముందే కానుగపుల్ల చేతికిచ్చాను. పుల్ల నమలలేనప్పుడు కాల్చిన పిడక కచ్చికతో నా వేలితోనే తోమాను. ఒక్క పూట తప్పించలేదు. నేర్పలేదంటున్నావు, మరి నా పళ్ళు చూశావు కదా, తెల్లగా లేవా? ఈ ఊరికి పద్దెనిమిదో ఏట కాపరానికొచ్చాను. ఇప్పటికీ అలాగే ఉన్నాయి. తోముకోవడం తెలియనిదాని పళ్ళు ఇలా ఉంటాయా?

ఇక్కడ అందరి పిల్లలకీ గార పళ్ళే. కరణంగారి మనవడికీ అంతే, మా ఆయన బళ్ళో పిల్లలకీ అంతే. ఎవరూ పట్టించుకోరు. నువ్వు రాసేదాకా నాకూ అదొక విషయమనిపించలేదు. మీ పట్నంలో మనుషుల్ని చూడగానే నోరు తెరవమంటారు కాబోలు.

శుభ్రం గురించి నాకు చెప్పకు అక్కయ్యా. ఈ ఊళ్ళో నా అంత శుభ్రంగా పిల్లని పెంచినవాళ్ళు లేరని మా అత్తగారే ఒప్పుకుంటారు. ఊరికి ఆ చివరవాళ్ళు మంచినీళ్ళకి వాగులోకి పోతారు. ఇసకలో చేత్తో గుంట తోడుకుని, అందులో ఊరిన నీళ్ళు ముంతతో ముంచుకుంటారు. చెలమ అంటారు. పశువులు తిరిగే చోట, బట్టలుతికే చోట. నా శశికి ఆ నీళ్ళు ఒక్క గుక్క తగలనివ్వలేదు. అది పుట్టకముందే ఆయన పెరట్లో అరవై అడుగుల బావి తవ్వించారు. నీళ్ళు అద్దంలా ఉంటాయి. బళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగారు కూడా తాగి మెచ్చుకున్నారు. ఆ నీళ్ళతో పెరిగిన పిల్ల అది.

పిల్లకి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది. పళ్ళు తెల్లబడేదాకా ఆపకు.

చంటిదానికి వరలక్ష్మి అని పేరు పెట్టాం. వరం అని పిలుస్తున్నాం. పదహారేళ్ళ తరవాత పుట్టింది కదా.

ఇంతే సంగతులు.
కామాక్షి


నాంపల్లి,
15-9-1963

చెల్లెలికి ఆశీస్సులు.

నీ కోపం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నీ లంగా నేను కట్టుకున్నానని మూడు రోజులు మాట్లాడలేదు. అందుకే వెంటనే జవాబు రాయలేదు, చల్లారతావని. కాఫీ ఆపలేదు తల్లీ. గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడతాను, అంతే.

పని జరగట్లేదే. రెండు నెలలు ఇటుకపొడి అయింది. బొగ్గుపొడి అయింది. మీ బావగారు ఆబిడ్స్ నుంచి కొత్తరకం పేస్టు తెచ్చారు, నోరంతా నురగ వచ్చింది గానీ చార చెక్కు చెదరలేదు. నేను రోజుకొకసారి చాలన్నా ఇది మూడుసార్లు తోముతోంది. చిగుళ్ళు ఎర్రబడి నెత్తురొస్తోంది. చల్లటి నీళ్ళు తాగలేక, నల్లా దగ్గర గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది.

ఖైరతాబాదు వినాయకుణ్ణి చూడ్డానికి తీసుకెళ్తే, అక్కడ అందరూ నవ్వుతున్నా ఇది పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. కాలేజీ కార్డుకి ఫోటో కావాలంటే ఆబిడ్స్‌లో స్టూడియోకి వెళ్ళాం. ఫోటోగ్రాఫరు పాపం, "కొంచెం నవ్వమ్మా" అని నాలుగుసార్లు అడిగి విసిగిపోయాడు. ఫోటోలో దానికి ఎవరో చనిపోయినట్టు ఉంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. కాలేజీ నుంచి కబురొస్తే వెళ్ళాను. లెక్కల లెక్చరరు ఏదడిగినా శశి లేచి నిలబడుతుందట, నోరు విప్పదట. పెన్సిలుతో పుస్తకంలో జవాబు రాసి ఉంటుంది, అడిగితే చెప్పదు. మొదట్లో ఒకసారి చెప్పినప్పుడు వెనక బెంచీలో ఎవరో ఏదో అన్నారు, క్లాసంతా నవ్విందట. "అర్ధ సంవత్సరం పరీక్షల దాకా చూస్తాం, ఇలాగే ఉంటే ఊరికి తీసుకెళ్ళిపొండి" అన్నారు.

ఆబిడ్స్ నుంచి మా సందుకి వచ్చే దారిలో పళ్ళు కట్టేవాడి కొట్టుంది. అద్దాల బీరువాలో పలువరసలు పెట్టి ఉంటాయి. నీ కూతురు రోజూ బస్సు దిగి అక్కడ ఆగుతుందని నాకు తరవాత తెలిసింది. మొన్న నా పక్కన కూర్చుని మెల్లిగా అంది. "పెద్దమ్మా, ముందరి నాలుగూ పీకించేసి కొత్తవి పెట్టించు. నేను ఏడవను." నాకే ఏడుపొచ్చింది. మీ బావగారు వెళ్ళి కనుక్కున్నారు. పై నాలుగూ తీసేసి, పుండు మానాక తెల్లటివి కడతాడట.

కన్నతల్లివి. నువ్వు ఒప్పుకుంటేనే. ఏమంటావో రాయి.

అక్కయ్య


వేములదిన్నె,
26-9-1963

అక్కయ్యకి,

పిల్ల చిగుళ్ళు నెత్తురొచ్చేలా తోమించి, ఇప్పుడు పీకిస్తానంటున్నావు. పళ్ళే ఎందుకు, ముక్కు కూడా కొంచెం మొద్దుగా ఉంటుంది, అదీ మార్పించు. రంగూ నీ అంత పసిమి కాదు. మీ పట్నంలో అన్నీ దొరుకుతాయి కదా. నేను పెంచింది అంత నచ్చకపోతే అలాగే పీకించు, నాకేం అభ్యంతరం లేదు. నేనెవరిని వద్దనడానికి.

కామాక్షి


వేములదిన్నె,
4-10-1963

అక్కయ్యా,

పోయిన ఉత్తరం చించెయ్యి. కోపంలో రాసి, కోపం తగ్గకముందే పోస్టు చేశాను. పీకించమన్నది నా మాట కాదు, నా ఉక్రోషం. ఆయనకి చెబితే తల పట్టుకున్నారు. "మీ అక్కయ్యగారు ఉన్నది ఉన్నట్టు తీసుకునే మనిషి" అన్నారు. నాకు అప్పుడు భయం పట్టుకుంది.

పిల్ల నోట్లో చెయ్యి పెట్టనివ్వకు. పరీక్ష పోతే పోనీ. వరానికి జలుబుగా ఉంది, లేకపోతే ఈపాటికి నేనే రైలెక్కి ఉండేదాన్ని. నన్ను క్షమించు, తప్పు నాదే. తొందరగా జవాబు రాయి.

నీ చెల్లెలు
కామాక్షి


నాంపల్లి,
10-10-1963

కామాక్షీ,

నీ రెండో ఉత్తరం మొన్న మంగళవారం అందింది. ఒకటి పీకించింది సోమవారం.

మొదటి ఉత్తరంలో నీ ఎత్తిపొడుపు నాకు తెలియక కాదే. తెలిసింది. కానీ అభ్యంతరం లేదని నీ చేతిరాతతో ఉంది. పిల్ల రోజూ ఉత్తరం వచ్చిందా అని అడుగుతోంది. నాకు కావలసినదే చదువుకున్నాను. ఇది నా తప్పు, నీది కాదు.

సోమవారం ఒకటి, తరవాత వారం మూడూ అన్నాడు ఆ పళ్ళు కట్టేవాడు. ముందు పై వరసలో కుడివైపు ముందరి పన్ను పట్టాడు. అరగంట పట్టింది. చెమటకి వాడి చొక్కా తడిసిపోయింది పాపం. "ఇంత గట్టి పన్ను ఈ మధ్య పట్టుకోలేదమ్మా" అన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. శశి అన్నట్టే ఏడవలేదు.

రిక్షా దిగేసరికి అహల్యమ్మగారు అరుగు మీద ఉన్నారు. శశి నోట్లో దూది చూసి ఏమైందని అడిగారు. నేను గొప్పగా చెప్పాను కూడా, కొత్తవి కట్టిస్తున్నామని. శశి గుప్పిట విప్పి పన్ను చూపించింది. ఆమె దాన్ని వేళ్ళతో పట్టుకుని వెలుగులో తిప్పి చూసి, అక్కడే కూలబడ్డారు.

"గిదేం పనమ్మా చేసిన్రు? గింత మంచి పన్ను. గది మురికి గాదు, నీళ్ళ గుణం. మా నల్లగొండ దిక్కు మా ఊర్ల పుట్టినోళ్ళందరికీ గిట్లనే ఉంటయి."

నేను నమ్మలేదు. మరి మీకు లేవేం అన్నాను. ఆమె నల్లా దగ్గరికి వెళ్ళి, పాన్ ఉమ్మేసి, పదిసార్లు పుక్కిలించి, కొంగుతో పళ్ళు తుడుచుకుని వచ్చి మా ఇద్దరి ముందు నోరు తెరిచారు. అచ్చం శశి పళ్ళే. అవే చారలు. "నలభై ఏండ్ల సంది పాన్ ఎందుకు నములుతున్ననుకున్నవ్? ఎర్రటి నోట్ల గార కనబడది. పెండ్లయిన కొత్తల మా అత్త నేర్పింది. గిప్పుడు పాన్ లేంది ఉండలేను" అన్నారు. ఏడేళ్ళుగా కిందా పైనా ఉంటున్నాం. ఆ మనిషి పళ్ళు నేను చూడటం అదే మొదలు. శశి అప్పుడు ఏడ్చింది, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని. నేను పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

మర్నాడు ఆమే ముందు నడిచి మమ్మల్ని పెద్ద పళ్ళ దవాఖానకి తీసుకెళ్ళారు. ప్రహ్లాద్ అని డాక్టరు, చిన్నవాడే. చూడగానే మీది ఏ ఊరు అని శశినడిగాడు. మీ వైపు కొన్ని ఊళ్ళల్లో లోతైన బావుల నీళ్ళలో ఫ్లోరైడ్ అని ఒక ఖనిజం ఉంటుందట. పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే పుట్టింది మొదలు ఏడెనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగితే పన్నులోనే మచ్చ పడిపోతుందట. పైకొచ్చాక ఇక దేనితో తోమినా పోదు. నీ పళ్ళు ఎందుకు తెల్లగా ఉన్నాయో తెలిసిందా? నువ్వు పెరిగింది తెనాలి కాలవ నీళ్ళతో. ఊరు మారేసరికి నీ పళ్ళన్నీ వచ్చేశాయి.

ఇటుకపొడి సంగతి చెప్పమంటే చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "రెండు మూడు నెలల్లో పన్ను పైపెంకు అరిగింది, చిగుళ్ళు వెనక్కి జారాయి. మచ్చ చెడ్డది కాదమ్మా, మీరు తోమించింది చెడ్డది" అన్నాడు. మిగిలిన మూడూ ముట్టుకోవద్దన్నాడు. మెత్తటి బ్రష్షు, రోజుకి రెండుసార్లు, మెల్లిగా. తిన్నాక పుక్కిలించడం. అంతే.

కామాక్షీ, ఒక మాట నెమ్మదిగా చదువు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా అని అడిగాడు. వరం ఉందని చెప్పాను. దాని పళ్ళు ఇప్పుడే లోపల తయారవుతున్నాయట. "మీ చెల్లెలిగారిని ఒక పని చెయ్యమనండి. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగి తెల్లటి పళ్ళున్న పిల్లలెవరైనా ఉన్నారేమో చూడమనండి. ఉంటే, వాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారో కనుక్కోమనండి" అన్నాడు.

పన్ను పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. నీ బిడ్డది. దూదిలో చుట్టి నీకే పంపుతున్నాను. ఆబిడ్స్ పోస్టాఫీసులో రిజిస్టరు చేసేటప్పుడు లోపల ఏముందని గుమాస్తా అడిగితే, ఏం చెప్పాలో తెలియక పిల్ల వస్తువన్నాను.

నన్ను తిట్టాలంటే తిట్టు. ఈసారి చల్లారాక కాదు, వెంటనే రాయి.

కోటేశ్వరమ్మ


వేములదిన్నె,
24-10-1963

అక్కయ్యా,

పన్ను అందింది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. శశికి పాలపన్ను ఊడిపోయి ఈ పన్ను వచ్చినప్పుడు నేను సంబరపడ్డాను. వచ్చినప్పుడే మచ్చ ఉంది, నాకు గుర్తుంది. పెద్దయ్యాక పోతుందిలే అనుకున్నాను.

నిన్ను తిట్టే ఓపిక లేదు. తిట్టవలసిన మనిషి వేరే ఉంది. విను.

ఉత్తరం వచ్చిన మర్నాడు బడికి వెళ్ళాను. పెళ్ళయి వచ్చాక ఆయన బళ్ళో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పిల్లల్ని వరండాలో నిలబెట్టి పళ్ళు చూపించమన్నాను. హెడ్మాస్టరుగారి భార్యకి మతిపోయిందనుకుని నవ్వారు. నాకు కావలసిందీ అదే. అరవై రెండు మంది. యాభై నాలుగు మందికి గార. ఎనిమిది మందికి పాలలాంటి తెల్లటి పళ్ళు. మిగతావాళ్ళవన్నీ మాలాంటి లోతు బావులే, ఆ ఎనిమిది మందీ వాగు పక్కవాళ్ళే అక్కయ్యా. అందులో ముగ్గురు మా బట్టలుతికే పూలమ్మ పిల్లలు. వాళ్ళు పుట్టినప్పటినుంచీ తాగింది చెలమ నీళ్ళు.

నేను నీకేం రాశానో గుర్తుందా? నా శశికి ఆ నీళ్ళు ఒక్క గుక్క తగలనివ్వలేదని. నిజమే రాశాను. దానికి మూడేళ్ళప్పుడు పూలమ్మ గుడిసె దగ్గర ఆడుకుంటూ దాహమై అక్కడి కుండలో నీళ్ళు తాగింది. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, వీపు మీద రెండు వేసి, మా బావి నీళ్ళతో నోరు కడిగించాను. పూలమ్మ దూరంగా నిలబడి చూసింది. ఆ నీళ్ళే తాగనిచ్చి ఉంటే, ఇవాళ నా చేతిలో ఈ పన్ను ఉండేది కాదు. నా శుభ్రమే నా పిల్లని తినేసింది. నీ ఇటుకపొడి మూడు నెలలే. నేను పదహారేళ్ళు చేశాను.

ఆయన బావి దగ్గర నిలబడిపోయారు. ఆయనకి ఆ బావి అంటే ఎంత గర్వమో నీకు తెలియదు. రెండు రోజులు బడి నుంచి రాగానే దాని గట్టు మీదే కూర్చున్నారు.

మూడో రోజు నేను బిందె తీసుకుని వాగుకి వెళ్ళాను. పూలమ్మ చూసి, "మీ బావి ఎండిందా ఏందమ్మా?" అంది. లేదన్నాను. ఎందుకొచ్చానో చెప్పాను. ఆనాడు పిల్లని కొట్టినదానికి తప్పయిందని కూడా చెప్పాను. ఆమె నా చేతిలో బిందె అందుకుని, "నీళ్ళ కాడికి రామాక అనేదానికి నేనెవురిని. ముందు మూడు ముంతలు పారబొయ్యాల, మల్లా ఊరినాక ముంచుకోవాల" అని తనే కూర్చుని తోడి చూపించింది. గుడ్డలో వడకట్టి, కాచి, చల్లార్చి వరానికి పడుతున్నాను. మా వంటా ఆ నీళ్ళతోనే.

అత్తగారు ఆ నీళ్ళతో వండింది ముట్టనని వేరే పొయ్యి పెట్టుకున్నారు. "నా కొడుకు తవ్వించిన బావి ఉండగా చెలమ నీళ్ళా" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఊళ్ళో నవ్వుతున్నారు. నవ్వనీ, వాళ్ళ పళ్ళు కూడా నేను చూసినవే.

నిన్న పొద్దున నేను లేచేసరికి రెండో బిందె లేదు. ఆయన భుజాన పెట్టుకుని వాగు నుంచి వస్తున్నారు.

శశికి ఈ ఉత్తరం చదివి వినిపించు. పూలమ్మ సంగతి కూడా దాచకు. దానికి ఆ దెబ్బలు గుర్తున్నాయో లేదో.

నీ
కామాక్షి


నాంపల్లి,
15-12-1963

నా చెల్లెలికి,

ఉత్తరం శశే చదివింది, పైకి. దెబ్బలు గుర్తున్నాయట. నీళ్ళు తియ్యగా ఉన్నాయని కూడా గుర్తుందట.

ఇటుకపొడి డబ్బా అంట్ల దగ్గర పెట్టేశాను. దాని చోటు అదే. ఇప్పుడు కాఫీకి ముందు శశే నన్ను పళ్ళు చూపించమంటోంది. నాకు రెండు పుచ్చాయని డాక్టరు చెప్పాడులే. తెనాలి నీళ్ళన్న నా గర్వం కూడా పోయింది.

ఖాళీలో పెట్టుడుపన్ను కోసం దవాఖానకి వెళ్ళాం. రంగు ఎంచుకోవడానికి ప్రహ్లాద్‌గారు ఒక అట్ట మీద పళ్ళు వరసగా అంటించి తెచ్చారు, చీరల అంచులు చూపించినట్టు. శశి ఆ వరస మొత్తం చూసింది. అన్నిటికన్నా తెల్లటిది దాని చేతికిచ్చి, ఇదేనా అన్నాను. అది చాలాసేపు దాన్ని పట్టుకుంది. కామాక్షీ, ఆ పిల్ల నెలల తరబడి అద్దాల బీరువా ముందు నిలబడి చూసిన పన్ను అదే.

"ఇది వద్దు డాక్టరుగారూ. పక్కదాని మీద ఎలాంటి చార ఉందో అలాంటిది చెయ్యగలరా?" అంది.

ఆయన నా వైపు చూశారు. నేను శశి వైపు చూశాను. "ఒక్కటే తెల్లగా ఉంటే మిగతావి తప్పు చేసినట్టుంటుంది పెద్దమ్మా. అవేం చెయ్యలేదు" అంది. లోపల పళ్ళు తయారుచేసే ఆయన రెండు రోజులు రంగులు కలిపి చేసిచ్చారు. అసలుదేదో పెట్టుడుదేదో నాకే తెలియట్లేదు.

అహల్యమ్మగారు చూసి, దాని గడ్డం పట్టుకుని, "నాకు గిట్ల చెప్పేటోళ్ళు లేకపాయె" అన్నారు. పాన్ మానలేదు గానీ, రోజూ సాయంత్రం ఒక గంట నోరు కడుక్కుని మా మేడ మీదికొచ్చి కూర్చుంటున్నారు. నవ్వితే చాలా బాగుంటారు.

అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాయి. లెక్కల్లో మొదటి మార్కు. దానికన్నా నాకు సంతోషం, మొన్న క్లాసులో లేచి నల్లబల్ల దగ్గరికెళ్ళి లెక్క వివరించిందట. వెనక బెంచీలో ఒకమ్మాయి మళ్ళీ నవ్విందట. "పళ్ళు తరవాత చూద్దువుగానీ, ముందు లెక్క చూడు" అందట నీ కూతురు. నీ నోరే వచ్చింది.

మనిద్దరం ఒకరి మీద ఒకరు కోపాలు పడుతుంటే ఆ పిల్ల ఒక పన్ను పోగొట్టుకుంది. ఇకముందు ఏదైనా కోపమొస్తే వ్యంగ్యంగా రాయకు, నేరుగా తిట్టు. నేనూ నాకు కావలసినట్టు చదువుకోను.

వరాన్ని జాగ్రత్తగా చూసుకో. ఏడేళ్ళు ఆగాలట ఫలితం తెలియడానికి. ఆగుదాం.

అక్కయ్య


వేములదిన్నె,
3-5-1970

అక్కయ్యకి,

ఈ ఉత్తరం శశి ఇంటికి రాగానే దాని చేత చదివించుకో. నువ్వు ఒక్కదానివే ముందు చదవకు.

నాంపల్లి బళ్ళో టీచరమ్మ అయ్యాక దాని ఉత్తరాలన్నీ పిల్లల పళ్ళ గురించే. సోమవారం సోమవారం వరసగా నిలబెట్టి చూస్తుందట, అన్నం తిన్నాక పుక్కిలించేదాకా క్లాసులోకి రానివ్వదట. గార పళ్ళ పిల్లలొస్తే తన నోరు తెరిచి చూపిస్తుందట. నాకు చదవడానికి బాగానే ఉంటుంది.

ఇక్కడి సంగతి. వరానికి పై వరసలో కుడివైపు ముందరి పాలపన్ను పోయిన నెల ఊడింది. అదే చోటు అక్కయ్యా. ఏడేళ్ళు ఒక్క పూట తప్పకుండా వాగుకి పోయాం, నేనో ఆయనో. వాగు ఎండిన రెండు వేసవుల్లోనూ పూలమ్మ చెలమ తోడిపెట్టి, ముందు మాకిచ్చి తరవాత తను ముంచుకుంది. ఇన్నేళ్ళలో చెలమకి వచ్చేవాళ్ళు పద్నాలుగు ఇళ్ళయ్యారు. అత్తగారి వేరే పొయ్యి రెండో ఏడే ఆరిపోయింది. ఎందుకో ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు.

పది రోజుల కిందట చిగురులోంచి కొత్త పన్ను మొన కనిపించింది. నేను చూడలేదు. వరం "అమ్మా, చూడు" అని నోరు తెరిచినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయాను. ఆయన కూడా అంతే, పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఇద్దరికీ భయం. నా బీరువాలో దూదిలో చుట్టిన శశి పన్ను అలాగే ఉంది. దాని పక్కన పెట్టి చూసుకోవలసి వస్తుందేమోనని.

నిన్న బట్టలకొచ్చిన పూలమ్మతో నేనే చెప్పాను. నాకు ధైర్యం లేదు, నువ్వు చూసి చెప్పు అని. ఆమె మూట దించి, వరాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, గడ్డం ఎత్తి, పెదవి పైకి లేపి చూసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎంతసేపు చూసిందో.

"తెల్లగుండాదమ్మా. మా పిల్లోళ్ళ మాదిరే" అంది.

శశికి చెప్పు.

నీ చెల్లెలు
కామాక్షి